ఒంటి చేత్తో పిలిచే పేరు

మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లు. ఒకటి కాగితాల మీద ఉండేది. దాంతో బ్యాంకు వాళ్లు, టీచర్లు పిలుస్తారు. రెండోది చేతి పేరు. అది మా బాబాయ్ పెడతాడు.

బాబాయ్‌కి పుట్టుకతోనే వినపడదు. అలాగని ఆయన్ని మాటలు రానివాడు అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే! మా వంశం మొత్తంలో అంత వాగుడుకాయ ఇంకొకరు లేరు. చేతులు, కనుబొమ్మలు, భుజాలు, అవసరమైతే మోకాళ్లు కూడా వాడి మాట్లాడతాడు. మేమంతా ఆ సైగల్లోనే పెరిగాం కాబట్టి ఆయన అన్నవన్నీ ఇక్కడ మామూలు మాటల్లాగే రాసేస్తాను. మాకు అలాగే వినిపిస్తాయి మరి.

చేతి పేరు అంటే ఏంటో చెప్పాలి. మా నాన్న పేరు, రెండు వేళ్లతో కళ్లజోడు తుడుస్తున్నట్టు చొక్కా అంచుని రుద్దడం. పిన్ని పేరు, అరచేత్తో నుదుటి మీద తట్టుకోవడం. పెళ్లికి ముందు ఆవిడ మొదటిసారి బాబాయ్ వాళ్ల షెడ్డుకి వచ్చినప్పుడు గుమ్మం తలకి ఠంగుమని తగిలిందట. "నా జీవితమంతా ఆ గుమ్మమే నా పేరైపోయింది" అని పిన్ని ఇప్పటికీ మూతి ముడుచుకుంటుంది. నా పేరు, మణికట్టు పక్కకి వాల్చడం. గ్లాసు ఒలకబోయడం అన్నమాట. చిన్నప్పుడేదో ఒకసారి ఒలికిందని... సరే, ఒకసారి కాదు, వదిలేయండి.

ఈ పేర్లకి బాబాయ్ పెట్టుకున్న నియమం ఒక్కటే. మనిషి చేసేదాన్ని బట్టి పేరు పెట్టాలి, మనిషి ఉన్నదాన్ని బట్టి పెట్టకూడదు. లావు, పొట్టి, నలుపు, బట్టతల, ఇవేవీ కుదరవు. చిన్నప్పుడు బడిలో పిల్లలంతా ఆయన్ని చెవి మీద వేలు పెట్టి పిలిచేవాళ్లట. "నేను అంత బాగా బొమ్మలేసేవాణ్ని, గోడ దూకేవాణ్ని, వాళ్లకి చెవే దొరికిందా?" అంటాడు. అందుకే ఎవరికి పేరు పెట్టాలన్నా వాళ్ల ఎదురుగా కూర్చుని, వాళ్లేం చేస్తారో కళ్లారా చూస్తాడు. ఒక్కోసారి గంట, ఒక్కోసారి వారం. మా బావని, అంటే బాబాయ్ అల్లుణ్ని, పెళ్లిచూపుల్లో చూసి నిమిషంలో పెట్టేశాడు. కాలర్‌లో వేలు దూర్చి లాగడం. పాపం బావకి ఆ రోజు చెమటలు పోస్తుంటే అదే పని చేశాడు.

బాబాయ్ పని సోఫాలు కుట్టడం. బస్టాండు వెనక సందులో పొడవాటి రేకుల షెడ్డు. లోపలికి అడుగు పెడితే జిగురు వాసన, కాళ్ల కింద స్పాంజి ముక్కలు, గోడ పొడవునా రెక్సిన్ చుట్టలు. అక్కడ పనిచేసేవాళ్లందరూ నోట్లో గుప్పెడు చిన్న మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే బయటికి తోసి, సుత్తితో దిగ్గొడతారు. నోరు తెరిస్తే మేకు గుటుక్కుమంటుంది. కాబట్టి పనివేళల్లో ఆ షెడ్డులో ఎవరూ నోరు విప్పరు. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో మాట్లాడలేక గిలగిల్లాడిపోతారు. రెండో నెలకల్లా బాబాయ్ దగ్గర సైగలు నేర్చుకుని ఇంక ఆపరు. వాళ్ల ఓనరైతే మరీనూ. ఫోన్లో కస్టమరుతో "అయ్యో, తప్పకుండా సార్, మీరెంత చెబితే అంత సార్" అంటూనే రెండో చేత్తో ఆ సారుని చడామడా తిట్టి షెడ్డంతా నవ్విస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. బాబాయ్ కూతురు, మా అక్క, పెళ్లయ్యాక వేరే ఊళ్లో ఉంటోంది. అక్కడే తనకి పాప పుట్టింది. బాబాయ్‌కి మొదటి మనవరాలు! పిన్ని ముందే వెళ్లిపోయింది. బాబాయ్ మాత్రం ఊళ్లో ఒక సినిమా హాలు సీట్లన్నీ మార్చే పనిలో ఇరుక్కుపోయాడు. పాపని చూసింది ఫోన్లోనే. రోజూ సాయంత్రం షెడ్డులో అందరికీ ఆ ఫోన్ తిప్పి చూపించేవాడు.

"నాన్నా, ఫోన్లో చూస్తున్నావు కదా, చేతి పేరు పెట్టేయరాదూ?" అని అక్క ఒకసారి అడిగింది.

"ఫోన్లో చూసి సోఫాకి కొలతలు తీసుకుంటానా? వస్తా. ఎదురుగా కూర్చుని చూస్తా. అప్పుడు పెడతా."

పాపకి మూడో నెల వచ్చాక బావ వాళ్లు పేరు పెట్టే వేడుక చేద్దామన్నారు. ఒక చిన్న హాలు మాట్లాడారు. కాగితం పేరు బావ వాళ్లమ్మగారు ఎప్పుడో ఖాయం చేసేశారు, దాంతో ఎవరికీ పేచీ లేదు. చేతి పేరు మాత్రం అందరి ముందూ బాబాయ్ పెట్టాలి. అక్క అందరికీ అదే చెప్పుకుంది. "మా నాన్న వచ్చి పెడతారు, మీరు చూడాలి" అని. వాళ్ల వైపు వాళ్లకి సైగలు రావు, అదంతా ఏదో వింతలా ఉంటుంది. అందుకే వాళ్లందరి మధ్యా తన నాన్న నిలబడి ఆ పని చేయడం చూడాలని అక్కకి ప్రాణం.

మేమంతా ముందు రోజే వెళ్లిపోయాం. సినిమా హాల్లో ఆఖరి వరస సీట్లు మిగిలిపోయాయి కాబట్టి బాబాయ్ మర్నాడు పొద్దున్న బండికి వస్తానన్నాడు. అది ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి దిగిపోవచ్చు.

"ఒక్కడివే ఎందుకురా, నేనుండి నిన్ను తీసుకొస్తా" అన్నాడు నాన్న.

"నేనేమన్నా పాల సీసా పట్టుకున్న పిల్లాడినా? నువ్వు పుట్టినప్పట్నించీ కళ్లజోడు తుడుచుకోవడమే సరిపోయింది, నీకు బోర్డు కనపడుతుందా?"

నిజమే, బాబాయ్ ఎన్నేళ్ల నుంచో ఒంటరిగానే తిరుగుతున్నాడు. స్టేషన్లో బోర్డు చూస్తాడు, అనుమానం వస్తే ఫోన్లో టైపు చేసి పక్కవాళ్లకి చూపించి అడుగుతాడు. ఎప్పుడూ తప్పలేదు. ఈసారి చేతిలో సోఫా ఉండటం వల్ల వచ్చింది తంటా.

అవును, సోఫా. మూడు నెలల పిల్లకి సోఫా! మోకాలెత్తు ఉంటుంది. చేతులు ఆనించుకునే దిండ్లు, వీపుకి గుండీలు, కింద చెక్క కాళ్లు, పైన ఆవపువ్వు రంగు బట్ట. సినిమా హాలు పని మధ్యలో మధ్యాహ్నాలు అన్నం మానేసి మరీ కుట్టాడు. "ఆ పిల్లకి ఇంకా మెడే నిలబడలేదు కదండీ" అని పిన్ని ఫోన్లో నెత్తి కొట్టుకుంటే, "సోఫా ఏమన్నా పాచిపోతుందా? నిలబడ్డాక కూర్చుంటుంది" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది బాబాయ్ ఇంటింటికీ ఆడి చూపించాడు కాబట్టి నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు.

పొద్దున్నే స్టేషనుకి వచ్చాడు. బోర్డు మీద తన బండి రెండో ప్లాట్‌ఫాం అని ఉంది. రెండు చేతులతో సోఫాని పొట్టకి ఆనించి పట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని అక్కడికెళ్లి నిలబడ్డాడు. బండి వచ్చే వేళకి జనం ఉన్నట్టుండి మూటాముల్లె ఎత్తుకుని మెట్ల వంతెన మీదికి పరుగెత్తారు. బాబాయ్ బోర్డు వంక చూశాడు. ఇంకా రెండే అంటోంది. "అబ్బ, వీళ్లెవరో వేరే బండి వాళ్లు, ఆలస్యంగా వచ్చినట్టున్నారు, పాపం" అనుకున్నాడట! జాలిపడి ఒకావిడకి దారి కూడా ఇచ్చాడట!

ప్లాట్‌ఫాం మారిందని మైకులో చెప్పారు. మైకులో మాత్రమే చెప్పారు. బోర్డు మార్చడం ఎవరికీ గుర్తు రాలేదు.

సరిగ్గా ఆ వేళకే రెండో ప్లాట్‌ఫాం మీదికి ఇంకో బండి వచ్చి ఆగింది. మామూలుగా అయితే బాబాయ్ ఫోన్ తీసి ఎవర్నో ఒకర్ని అడిగేవాడు. ఫోన్ జేబులో ఉంది, చేతులు సోఫా కింద ఉన్నాయి. ఎక్కేశాడు.

లోపల ఇసకేస్తే రాలనంత జనం. ఒక చంకలో సోఫా ఇరికించుకుని, రెండో చేత్తో పైన కడ్డీ పట్టుకున్నాడు. కాసేపటికి ఎండ ఎడమ చెంప మీద పడింది. పడకూడదు. అక్క వాళ్ల ఊరి వైపు వెళ్లే బండిలో పొద్దున్న ఎండ కుడివైపు రావాలి. తప్పు బండి ఎక్కానని అప్పుడు తెలిసింది. పక్కాయన్ని అడుగుదామంటే ఒక చేతిలో సోఫా, ఇంకో చేతిలో కడ్డీ. కడ్డీ వదిలితే పడతాడు, సోఫా వదిలితే ఎవరి నెత్తినో పడుతుంది.

"నా జన్మలో మొదటిసారి మూగవాణ్నయ్యా" అని చెప్పాడు బాబాయ్, అది ఆడి చూపిస్తూ. "మీకు నోట్లో గుడ్డ కుక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది."

అప్పుడు టీసీ వచ్చాడు. టికెట్ అడిగాడు. బాబాయ్ కనుబొమ్మలతో చొక్కా జేబు చూపించాడు. టీసీకి అది వెటకారంలా అనిపించింది. గట్టిగా అడిగాడు. ఇంకా గట్టిగా అడిగాడు. మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. బాబాయ్ ఆ నరాల వంక ఆసక్తిగా చూస్తూ నిలబడ్డాడట. "మనిషి ఊదారంగులోకి మారడం అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. చివరికి ఏదో స్టేషన్లో కొంతమంది దిగితే సోఫా కింద పెట్టే చోటు దొరికింది. పెట్టీ పెట్టగానే ఎక్కణ్నించో ఒక పెద్దావిడ వచ్చి "అమ్మయ్య" అన్నట్టు దాని మీద చతికిలబడింది. బాబాయ్‌కి చేతులు వచ్చాయి. ఫోన్ తీసి టైపు చేసి చూపించాడు. టీసీ చదివాడు, టికెట్ చూశాడు, ఊదారంగంతా దిగిపోయింది. పాపం ఆయనే దగ్గరుండి ఒక పెద్ద జంక్షన్లో దింపాడు. దింపేముందు నిద్రపోతున్న పెద్దావిడని సోఫా మీంచి లేపడానికి ఇద్దరూ నానా తిప్పలు పడ్డారట. ఆవిడ లేచి, "ఎంతకిస్తావు?" అని అడిగిందట. టీసీ ఫోన్లో టైపు చేసి చూపిస్తే తెలిసింది.

వెనక్కి బండి సాయంత్రం దాకా లేదు. అక్కణ్నించి అక్క వాళ్ల ఊరు చేరేసరికి తెల్లారుతుంది.

ఇక్కడ హాల్లో వాకిలి వంక చూసి చూసి మా మెడలు లాగేశాయి. బాబాయ్ దగ్గర్నించి మెసేజ్ వచ్చింది: 'తప్పు బండి ఎక్కాను. సోఫా క్షేమం.' అక్క చదివి పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ పిన్నికిచ్చి పాపని ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

"ఇప్పుడేం చేద్దాం? వచ్చినవాళ్లు కూర్చునున్నారు" అన్నారు బావ వాళ్లమ్మగారు మెల్లగా. ఆవిడ చెడ్డావిడేం కాదు. భోజనాలు చల్లారిపోతున్నాయి, అంతే.

"రేపు మనింట్లో మనమే పెట్టుకుందాం లేండత్తయ్యా" అంది అక్క.

ఈలోగా మా వాళ్లు ఆగుతారా! తలా ఒక పేరు మొదలుపెట్టారు. నాన్న ఏదో చేసి చూపించాడు, చూస్తే అది దోమని కొట్టినట్టుంది. బావ పాప ఆవలింతని పేరు చేద్దామన్నాడు. "అందరూ ఆవలిస్తారు, మీరు ఆఫీసులో రోజంతా చేసే పని అదే కదా" అంది అక్క కిటికీ దగ్గర్నించే. కాస్త పరవాలేదు, మనిషి తేరుకుంటోంది అనుకున్నాను.

అప్పుడే వీడియో కాల్ వచ్చింది. ముందు మాకు కనపడింది రెండు మోకాళ్లు. అంత మనిషి పాప సోఫా మీద ముడుచుకుని కూర్చున్నాడు! ఫోన్ ఒక చేతిలో ఉండేసరికి మాట సగం సగమే వస్తోంది. ఇలా కాదని పక్కన టీ కొట్టాయన్ని బతిమాలి ఫోన్ ఆయన చేతికిచ్చాడు. రెండు చేతులూ వచ్చేసరికి బాబాయ్ గేట్లెత్తేసినట్టు మాట్లాడాడు. మైకు, బోర్డు, టీసీ మెడ నరాలు, పెద్దావిడ, అంతా!

"నాన్నా, అవన్నీ తర్వాత. పాపని చూపిస్తా. చూసి పేరు పెట్టెయ్. అందరూ ఉన్నారు" అంది అక్క, పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని. పిన్ని ఫోన్ని పాప వైపు తిప్పింది.

బాబాయ్ చాలాసేపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "ఇందులో నాకు పాప కనపడటం లేదు. గళ్లు గళ్లుగా ఏదో కదులుతోంది. చూడకుండా పెట్టను."

"మరెలా?"

"నువ్వు పెట్టు."

"నేనా? నాకెలా వస్తుంది? పేర్లు నువ్వు కదా పెట్టేది!"

"మూడు నెలల్నించి దాన్ని చూస్తోంది ఎవరు? నేనా?"

"నాకు నీలా చూడటం రాదు నాన్నా."

"నాకు మాత్రం రైలెక్కడం వచ్చా? ఎక్కేశాను కదా!"

"నాకు చెయ్యి లాగేస్తోందండీ, కాస్త తొందరగా తేల్చండి" అన్నాడు టీ కొట్టాయన, ఫోన్ వెనక నుంచి. అవతల ఎవరో టీ కోసం కేకలేస్తున్నారు. హాల్లో అందరూ గొల్లుమన్నారు. బాబాయ్‌కి ఎందుకు నవ్వుతున్నామో తెలియక తనూ నవ్వాడు. కాల్ తెగిపోయింది.

అక్క కాసేపు పాపని ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. భోజనాల మాట ఎవరూ ఎత్తలేదు, బావ వాళ్లమ్మగారితో సహా. పాప మెత్తటి బట్టలో చుట్టి ఉంది. నిద్రలో కదిలింది. మొహం ఎర్రగా చేసుకుని, ఉన్న బలమంతా పెట్టి, ఆ చుట్టు లోంచి రెండు పిడికిళ్లూ ఫట్‌మని బయటికి విసిరి, వేళ్లు బార్లా తెరిచింది. ఎంత బిగించి చుట్టినా రోజూ అదే పనట. రాత్రిళ్లు పిన్ని చుట్టడం, అది బద్దలు కొట్టుకుని రావడం.

అక్క పాపని పిన్నికిచ్చి లేచి నిలబడింది. రెండు పిడికిళ్లు గుండెకి ఆనించి, ఒక్కసారిగా రెండు పక్కలకీ విసిరి వేళ్లు తెరిచింది.

మేం చేశాం. ముందు మా వాళ్లం, తర్వాత మెల్లగా వాళ్ల వైపు వాళ్లు. బావ వాళ్లమ్మగారు చేస్తే పక్కనున్నాయన కళ్లజోడు ఎగిరిపోయింది. అది మా నాన్నదే. ఈసారి ఆయన నిజంగానే దాన్ని తుడుచుకోవాల్సి వచ్చింది.

మర్నాడు తెల్లారాక బాబాయ్ దిగాడు. చొక్కా నలిగిపోయి, గడ్డం మాసిపోయి, సోఫా మాత్రం పెళ్లికూతుర్లా ఉంది. కాళ్లు కడుక్కుని తిన్నగా పాప దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాడు. ఏం పేరు పెట్టారని కూడా అడగలేదు. అక్క తలుపు దగ్గర గోళ్లు కొరుకుతూ నిలబడింది.

పాప లేచింది. ఫట్. రెండు చేతులూ గాల్లో.

బాబాయ్ వెనక్కి తిరిగి మా అందరి వంకా చూసి, నోరంతా తెరిచి నవ్వాడు. "ఏం పెట్టావు?" అని అప్పుడడిగాడు. అక్క చేసి చూపించింది. బాబాయ్ తల పక్కకి వాల్చి, ఒక కన్ను మూసి చూశాడు. తయారైన సోఫాని ఓనరుకి ఇచ్చేముందు చూసే చూపది.

"మళ్లీ చెయ్."

అక్క మళ్లీ చేసింది.

"బాగుంది. దీని కంటే మంచిది నాకూ రాదు. కానీ పెద్దది."

"పెద్దదా?"

బాబాయ్ లేచి పాపని ఎత్తి అక్క ఎడమ చేతిలో పెట్టాడు. "ఇప్పుడు దాన్ని పిలు."

అక్క ఉన్న ఒక్క చేతినీ ఎత్తి, ఏం చేయాలో తెలియక ఆగిపోయింది.

"చూశావా? ఎత్తుకున్నవాళ్లకే దాన్ని పిలిచే వీలు లేదు. నిన్న రైల్లో నా పరిస్థితి అదే. సోఫాకి ఒక చెయ్యి, కడ్డీకి ఒక చెయ్యి. నా దగ్గర ఎన్ని మాటలున్నాయో! ఒక్కటీ బయటికి రాలేదు." అక్క కుడి చేతిని పట్టుకుని పిడికిలి చేసి, దాన్ని భుజం దగ్గరికి తెచ్చాడు. అక్కణ్నించి బయటికి విసిరి వేళ్లు తెరిపించాడు. "ఒక చెయ్యి చాలు. రెండో చేతిలో పాపుండొచ్చు, కూరల సంచీ ఉండొచ్చు, రైలు కడ్డీ ఉండొచ్చు."

అక్క చేసి చూసింది. మళ్లీ చేసింది. పాప ఆ చేతి వంక గుడ్లప్పగించి చూసింది.

"అయితే ఇది నేను పెట్టిన పేరా, నువ్వు పెట్టిన పేరా?"

"బట్ట నీది. కుట్టు నాది." అని బాబాయ్ అక్క నెత్తి మీద మెల్లగా మొట్టాడు. "నిన్న అక్కడ కూర్చుని ఏడుపు ముఖం పెట్టాలనుకున్నాను. ఆ టీ కొట్టాయన నా వంకే చూస్తుంటే కుదరలేదు."

అక్క నవ్వింది. "నేను పెట్టేశాను ఆ ముఖం" అంది. "ఏడుపు ముఖాలు ఇద్దరూ తర్వాత పెడుదురు గాని, ముందు టిఫిను తినండి" అని పిన్ని కేకేసి, బాబాయ్‌కి కనపడేలా గరిటెతో గాల్లో ఇంకోసారి అంది.

నాలుగు రోజులుండి బాబాయ్ తిరుగు ప్రయాణం అయ్యాడు. స్టేషనుకి మొత్తం కుటుంబం తరలివచ్చింది. బోర్డు చూశాం, మైకు విన్నాం, కూలీని అడిగాం, నాన్న అయితే స్టేషను మాస్టరు గదిలోకే వెళ్లి కనుక్కుని వచ్చాడు. "ఇంతమంది కలిసి ఎక్కిస్తే తప్పు బండి ఎక్కడానికి కూడా దారి లేదు" అని బాబాయ్ విసుక్కున్నాడు.

బండి కదిలింది. ఆయన తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ప్లాట్‌ఫాం మీద అక్క పాపని ఒక చేత్తో గుండెకి హత్తుకుని ఉంది. బాబాయ్ ఖాళీ చేతిని భుజం దగ్గరికి తెచ్చి, పిడికిలి విసిరి వేళ్లు తెరిచాడు. అక్క కూడా అదే చేసింది. బండి మలుపు తిరిగే దాకా ఇద్దరూ పాపని పిలుస్తూనే ఉన్నారు.